ఉదయం లేవగానే ఫోను చూడకుండా ఉండాలి, కాని అవసరమైన కాల్ మాత్రం అందాలి: ఎలా?

ప్రశ్న
(కావలి నుండి, ఒక ఉపాధ్యాయురాలు)

అందరికీ నమస్కారం. నేను కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పదిహేనేళ్లుగా తెలుగు బోధిస్తున్నాను. తెల్లవారుజామున ఐదు గంటలకు మెలకువ రావడం నాకు చిన్ననాటి నుండి అలవాటు. కాని గత మూడు నాలుగేళ్లుగా మెలకువ ఐదింటికే వస్తున్నా మంచం దిగేసరికి ఐదూ నలభై అవుతోంది, ఆ నలభై నిమిషాలూ ఫోనుకే పోతున్నాయి. అలారం ఫోనులోనే ఉంది కనుక దాన్ని ఆపడానికి చేయి చాస్తాను, ఆపిన చేత్తోనే వాట్సాప్ తెరుస్తాను. మా అన్నయ్య కుటుంబం డల్లాస్‌లో ఉంటుంది. మనకు ఉదయం ఐదున్నర అయ్యేటప్పటికి అక్కడ వేసవిలో ముందురోజు సాయంత్రం ఏడు గంటలు, చలికాలంలో ఆరు గంటలు. వాళ్లు పనులు ముగించుకొని పిల్లల ఫొటోలు పంపే వేళా, నేను కళ్లు తెరిచే వేళా ఒకటే కావడం వల్ల సరిగ్గా అప్పటికే మా కుటుంబ గ్రూపు నిండి ఉంటుంది. అవి చూశాక పాఠశాల గ్రూపు, ఆ తరువాత వార్తలు, ఆ తరువాత ఎందుకు చూస్తున్నానో నాకే తెలియని వీడియోలు.

ఈ ప్రశ్న రాయడానికి కారణం పోయిన నెలలో జరిగిన ఒక సంగతి. ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి తెల్లవారుజామున గుమ్మం దగ్గర నిలబడి, ఒళ్లు వెచ్చగా ఉందమ్మా అని చెప్పాడట. నేను తల ఎత్తకుండానే ఊఁ అన్నానట. వాడు మళ్లీ చెప్పాడు, నేను మళ్లీ ఊఁ అన్నాను, వాడు వెళ్లి పడుకున్నాడు. ఏడు గంటలకు బడికి లేపబోయి నుదురు తాకినప్పుడు గాని నాకు జ్వరం సంగతి తెలియలేదు. వాడు నిష్ఠూరమాడలేదు, అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాడు. తరగతిలో అరవై మంది పిల్లల ముఖాలు చూసి ఎవరికి ఒంట్లో బాగాలేదో చెప్పగలిగిన నేను, కన్నబిడ్డ రెండుసార్లు చెప్పినా వినలేదన్న బాధ నన్ను ఇంకా వదలలేదు.

నేను చేసిన ప్రయత్నాలు రెండు. ఫోనును హాలులో చార్జింగు పెట్టి పడుకున్నాను. అలారం ఆపడానికి హాలులోకి వెళ్లి, అక్కడే నిలబడి చూడడం మొదలుపెట్టాను. తరువాత ఫ్లైట్ మోడ్‌లో ఉంచాను. ఉదయగిరి వైపు పల్లెలో మా అమ్మ ఒంటరిగా ఉంటుంది, నిరుడు ఆమె గుండెకు స్టెంటు వేశారు. నేను ఫ్లైట్ మోడ్‌లో ఉంచిన నాలుగో రోజునే అమ్మకు కళ్లు తిరిగి పడబోతే పక్కింటి వాళ్లు ఐదుంపావుకు నాకు ఫోను చేశారు. ఆ సంగతి నాకు ఆరు దాటాక తెలిసింది. దైవం చల్లగా చూసి ప్రమాదమేమీ జరగలేదు గాని, ఆ రోజు నుండి ఫోను ఆపడమంటేనే భయం పట్టుకుంది.

కనుక నా ప్రశ్న ఇది. అమ్మ దగ్గర నుండి గాని, పక్కింటి వాళ్ల దగ్గర నుండి గాని వచ్చే కాల్ తప్పకుండా అందాలి, మిగిలినదేదీ ఆ గంటలో నా కంటపడకూడదు. దీనికి ఆచరణలో నిలిచిన మార్గం ఎవరికైనా తెలిసి ఉంటే దయచేసి వివరంగా చెప్పండి. మనోనిగ్రహం ఉండాలన్న సలహా నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను.


మొదటి సమాధానం
(విడవలూరు మండలం నుండి, ఒక రొయ్యల రైతు)

అమ్మా, మీ సమస్యకూ నా సమస్యకూ పోలిక ఉంది కనుక కొంచెం విపులంగా రాస్తాను. నాకు ఏడెకరాల రొయ్యల గుంటలు ఉన్నాయి. తెల్లవారుజామున ఫోను దగ్గర లేకపోతే మాకు కుదరదని పదేళ్లుగా నమ్మాను, అందులో కొంత నిజం కూడా ఉంది. పగలు ఎండకు నీటిలోని నాచు ప్రాణవాయువును తయారు చేస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి ఉన్న ప్రాణవాయువును వాడుకుంటూ పోతాయి. అందువల్ల తెల్లవారే ముందు అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. లీటరు నీటికి 5 మిల్లీగ్రాములుంటే నిశ్చింత, మూడుకు దిగితే రొయ్యలు ఒడ్డుకు చేరి పైకి తేలడం మొదలవుతుంది. సరిగ్గా ఆ వేళకు కరెంటు పోయి, నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, జనరేటరు వేయడానికి మనకుండే వ్యవధి చాలా తక్కువ.

అయితే రెండేళ్ల క్రితం ఒక ఉదయం నాకు జరిగింది చెబుతాను. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడడానికి గుంటలో దించే చెక్ ట్రే ఫొటో కాపలా మనిషి పంపితే చూద్దామని ఫోను తీశాను. ఫొటో బాగానే ఉంది. దాని కిందనే ధరల గ్రూపులో వంద కౌంటుకు, అంటే కిలోకు వంద తూగే రొయ్యలకు, రేటు తగ్గిందన్న కబురు, దాని కింద పక్క మండలంలో ఎవరిదో గుంటకు తెల్లమచ్చ తెగులు తగిలిందన్న కబురు. ఆ రెండూ చదివి, రొయ్యల పట్టుబడి ముందుకు జరపాలా వద్దా అన్న ఆలోచనతో గుంటల గట్టు మీద నడిచాను. మూడో గుంటలో ఒక మూల ఏరేటరు తిరగడం లేదు. నేను దాని పక్క నుండే వెళ్లానని కాపలా మనిషి చెప్పాడు, నాకు మాత్రం అది చూసిన జ్ఞాపకమే లేదు. అతను గమనించబట్టి సరిపోయింది. గుంట కోసమే ఫోను చూస్తున్నాను అనుకున్న వాణ్ణి, ఫోను వల్లనే గుంటను చూడలేదు.

ఆ తరువాత ఒక కాగితం తీసుకొని, తెల్లవారుజామున ఐదు నుండి ఏడు లోపల నాకు తెలిసి తీరవలసినవి ఏవి అని రాసుకున్నాను. కరెంటు పోవడం ఒకటి, కాపలా మనిషికి ఒంట్లో బాగాలేకపోవడం ఒకటి. మూడోది రాయడానికి ఎంత ఆలోచించినా దొరకలేదు. ధరలు ఎనిమిదింటికి చూసినా అవే ధరలు, కొనుగోలుదారుడు ఐదింటికి బేరానికి రాడు. ఆ రెండింటికీ మాట చాలు, తెర అక్కర్లేదు.

అందుకని ఒక కీప్యాడ్ ఫోను కొని, అందులో వేరే సిమ్ము వేశాను. షెడ్డులో కరెంటు పోగానే దానంతట అదే ఫోను చేసే పెట్టె ఒకటి బిగించి, ఈ కొత్త నంబరు దానికి ఇచ్చాను. ఈ నంబరు తెలిసినవాళ్లు మొత్తం నలుగురు. అది తలగడ పక్కన ఉంటుంది, దాన్ని ఎంత సేపు చూసినా చూడడానికి ఏమీ ఉండదు. పెద్ద ఫోను రాత్రి తొమ్మిదికి షెడ్డులోనే ఉండిపోతుంది, ఉదయం టీ తాగాక అక్కడికి వెళ్లి తీసుకుంటాను. మీరు కూడా మీ అమ్మగారికీ, పక్కింటి వాళ్లకూ మాత్రమే తెలిసిన నంబరు ఒకటి పెట్టుకోండి. నెలనెలా ఆ సిమ్ముకు రీచార్జి మరచిపోకండి. నేను ఒకసారి మరచిపోయి వారం రోజుల తరువాత గాని గమనించలేదు.


రెండో సమాధానం
(ఒంగోలు నుండి, మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు)

రైతు సోదరులు చెప్పిన మార్గం నాకు చాలా నచ్చింది. రెండో ఫోను కొనడం ఇష్టం లేనివారికి ఉన్న ఫోనులోనే చేసుకోదగిన ఏర్పాటు ఒకటి ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో శబ్దాలను ఆపి ఉంచే డూ నాట్ డిస్టర్బ్ అమరికలో, నక్షత్రం గుర్తు పెట్టిన నంబర్ల కాల్స్ మాత్రమే మోగేలా చేయవచ్చు. పదిహేను నిమిషాల లోపు ఒకే వ్యక్తి రెండోసారి చేస్తే మోగనివ్వాలన్న ఎంపిక కూడా అందులోనే ఉంటుంది. ఐఫోనులో ఆ వ్యవధి మూడు నిమిషాలు. అమ్మగారి నంబరుతో పాటు పక్కింట్లో కనీసం ఇద్దరి నంబర్లకు గుర్తు పెట్టండి. అత్యవసరమైతే వాట్సాప్ కాల్ కాకుండా మామూలు కాల్ చేయాలని, ఎత్తకపోతే వెంటనే మరోసారి చేయాలని వాళ్లకు చెప్పి ఉంచండి. చెప్పడంతో సరిపెట్టకుండా ఒక రాత్రి వాళ్ల చేత చేయించి, మోగుతోందో లేదో మీ చెవులతో వినండి. మీకు పట్టుకున్న భయం మామూలు మాటలకు పోయేది కాదు, ఇలా పరీక్షించి చూసుకుంటేనే పోతుంది.

ఇక చేయి దానంతట అదే ఫోను వైపు ఎందుకు వెళుతుందన్నది. నిద్ర లేచిన వెంటనే మనిషి పూర్తిగా తేరుకోడు. ఆ మగత సాధారణంగా పదిహేను నిమిషాల నుండి అరగంట వరకు ఉంటుంది, నిద్ర చాలకపోతే ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. ఆ వేళలో ఆలోచించి నిర్ణయించుకునే శక్తి తక్కువగా ఉంటుంది కనుక, పాత అలవాటు చెప్పినట్టే శరీరం నడుచుకుంటుంది. మనోనిగ్రహం మీకు పని చేయకపోవడంలో మీ దోషమేమీ లేదు, మీరు దాన్ని వాడుతున్న వేళ అటువంటిది. రెండో కారణం, ఫోను తెరిచినప్పుడల్లా మంచి కబురు ఉండదు, అప్పుడప్పుడు ఉంటుంది. అమెరికా శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ గత శతాబ్దం నడుమ పావురాల మీదా ఎలుకల మీదా చేసిన ప్రయోగాలలో, ఎప్పుడు దొరుకుతుందో తెలియని మేత కోసం అవి మీటను విడవకుండా నొక్కుతూనే ఉండడం కనిపించింది. మేనకోడలి ఫొటో ఏ రోజు వస్తుందో తెలియకపోవడమే మిమ్మల్ని రోజూ తెరిపిస్తుంది. ఆ ఫొటో మీద మీకున్నది ప్రేమ, దానికి సిగ్గుపడనక్కర్లేదు. అది సాయంత్రం చూసినా ఆ ప్రేమ అలాగే ఉంటుంది.

ఈ విషయంలో అతిశయోక్తులు చాలా ప్రచారంలో ఉన్నాయి కనుక ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. ఉదయం ఫోను చూస్తే మెదడు దెబ్బతింటుందని, ఇన్ని రోజులు మానేస్తే మెదడులోని డోపమైన్ అనే రసాయనం శుభ్రపడుతుందని చెప్పే వీడియోలను నమ్మవద్దు. అంత గట్టిగా చెప్పడానికి ఆధారం లేదు. ఫోను బల్లమీద ఉన్నంత మాత్రానే ఏకాగ్రత తగ్గుతుందని టెక్సస్ విశ్వవిద్యాలయం వారు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు, కాని తరువాత దాన్ని తిరిగి చేసి చూసిన వారందరికీ అదే ఫలితం రాలేదు. మీ అబ్బాయి గుమ్మం దగ్గర నిలబడిన సంగతి ఒక్కటే ఈ అలవాటు మార్చుకోవడానికి చాలిన కారణం.

వెలుతురు గురించి మాత్రం ధైర్యంగా చెప్పగలను. ఉదయపు వెలుగు కంటికి తగలడం వల్ల శరీరంలోని గడియారం ఆ రోజుకు సరిదిద్దుకుంటుంది, రాత్రి వేళకు నిద్ర వస్తుంది. గదిలో దీపం కింద సాధారణంగా కొన్ని వందల లక్సులు (వెలుతురును కొలిచే ప్రమాణం) మించని వెలుతురు, మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట కొన్ని వేల లక్సులు ఉంటుంది. తెల్లవారాక పది నిమిషాలు వాకిట్లో నిలబడితే చాలు, అందుకోసం మైపాడు సముద్రతీరం దాకా పోనక్కర్లేదు.

అలవాటు ఎన్నాళ్లకు నిలబడుతుందని మా విద్యార్థులు అడుగుతుంటారు. ఇరవై ఒక్క రోజులన్న మాటకు ఆధారం లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2010లో ప్రచురించిన పరిశీలనలో, ఒక పని దానంతట అదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టినట్టు తేలింది. కొందరికి 18 రోజులు చాలాయి, మరికొందరికి 254 రోజులు పడుతుందని లెక్కతేలింది. నడుమ ఒక రోజు తప్పినంత మాత్రాన జరిగిన మేలు చెడిపోలేదన్నది కూడా అందులోనే ఉంది. కనుక ఒకనాడు చూసినా మరునాడు మామూలుగా కొనసాగించండి.


మూడో సమాధానం
(కందుకూరు నుండి, పదవీ విరమణ చేసిన ఒక తపాలా ఉద్యోగిని)

అమ్మాయీ, నేను మీ అమ్మ వయసుదాన్ని. నీ ప్రశ్నలో నాకు మీ అమ్మే ఎక్కువగా కనిపించింది.

తపాలా శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి ఇంట్లో కూర్చున్నాక, మా పిల్లలు నాకు మంచి ఫోను కొనిచ్చారు. నాలుగున్నరకు లేవడం, పువ్వుల బొమ్మ మీద శుభోదయం అని రాసి ఉన్నదాన్ని ఒకటి ఎంచుకొని అరవై మందికి పంపడం, వాళ్ల నుండి వచ్చినవి చూడడం: వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేసరికి వెలుగు వచ్చేసేది. నాలుగేళ్లు అలా చేశాను. అది పనికిమాలిన పని అని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. ఒంటరిగా ఉన్న మనిషికి ఆ బొమ్మ ఒక కబురు. రాత్రి గడిచింది, నేను లేచాను, బాగున్నాను అని చెప్పడం. మా వీధిలో ఒక పెద్దాయన బొమ్మ రెండు రోజులు రాకపోతే వెళ్లి తలుపు తట్టిన వాళ్లం కూడా ఉన్నాం.

నేను ఎందుకు మానానంటే, అరవై మందికి పంపుతున్నా ఒక్కరి గొంతూ వినడం లేదని ఒకనాడు తోచింది. బొమ్మ చూసినట్టు నీలం గుర్తులు రావడంతోనే ఇరువైపులా సరిపోతోంది. మానేశాక మొదటి వారంలో ఎనిమిది మంది, ఒంట్లో బాగాలేదా అని ఫోను చేశారు. ఇద్దరు కొంచెం నొచ్చుకున్నారు, వాళ్ల ఇళ్లకు వెళ్లి సర్దిచెప్పాను. ఇప్పుడు ఉదయం పాలు కాచాక మా చెల్లెలు ఒకరోజు, మా వదిన ఒకరోజు, వరుసగా ఒక్కొక్కరికి ఫోను చేసి మాట్లాడతాను.

నువ్వు చేయవలసింది ఇదేనని నాకు అనిపిస్తోంది. మీ అమ్మకేదైనా జరిగితే ఎవరో ఒకరు పిలుస్తారని ఎదురుచూస్తూ పడుకుంటే ఆ భయం నిన్ను వదలదు. పాలు పోయించుకోగానే అమ్మనే రోజూ నీకు ఫోను చేయమను. ఆరుంపావుకు రావలసిన ఫోను ఆరున్నరకు రాకపోతే నువ్వు చెయ్యి, ఎత్తకపోతే పక్కింటికి చెయ్యి. రోజూ రెండు నిమిషాలు ఆమె గొంతు వింటే, ఆయాసంగా ఉందో, రాత్రి నిద్రపట్టలేదో నీకే తెలిసిపోతుంది. గ్రూపులో వచ్చే మాటలో అది తెలియదు.

ఇంకొక మాట. ఫోను మానిన ఆ అరగంటను ధ్యానం, వ్యాయామం, పుస్తకం అంటూ మళ్లీ నింపెయ్యకు. నీకు ఇంటి చాకిరీ, బడి చాకిరీ చాలినంత ఉంది. వాకిట్లో ముగ్గు వేస్తూ ఏదో ఆలోచించుకో, లేదా ఏమీ ఆలోచించకుండా ఉండు. ఏదైనా వినాలనిపిస్తే రేడియో పెట్టుకో. నేను ఈనాటికీ ఆరూ యాభై ఐదుకు ఆకాశవాణిలో సంస్కృత వార్తలు వింటాను, సగం అర్థమవుతుంది. ఐదు నిమిషాలకు అది దానంతట అదే అయిపోతుంది, అది నాకు ఎంతో నచ్చుతుంది.


నాలుగో సమాధానం
(పొదిలి నుండి, పోటీ పరీక్షలకు చదువుతున్న యువతి)

నా పరిస్థితి కొంచెం వేరు. నాకు పాఠాలన్నీ ఫోనులోనే ఉన్నాయి, ఉదయం నాలుగున్నర నుండి ఆరున్నర వరకే మా ఇంట్లో నిశ్శబ్దం ఉంటుంది. కనుక ఉదయం ఫోను ముట్టుకోవద్దన్న సలహా మా వంటి వాళ్లకు పనికిరాదని అనుకునేదాన్ని. ఇప్పుడు రాత్రే ఒక పాఠం డౌన్‌లోడ్ చేసి, డేటా ఆపి పడుకుంటున్నాను. ఉదయం మొదటి గంట ముందురోజు చేత్తో రాసుకున్న నోట్సు చదివి, రెండో గంటలో ఆ పాఠం చూస్తాను. డేటా వేయడం ఆరున్నర తరువాతే. టీచరు గారూ, మీరు రాత్రిపూటే మీ పాఠశాల గ్రూపును ఒకసారి చూసి పడుకుంటే, తెల్లవారాక దాన్ని చూడాలన్న ఆత్రం కొంత తగ్గుతుందేమో ఆలోచించండి.


ప్రశ్న అడిగినవారి నుండి, ఐదు వారాల తరువాత

సమాధానాలు రాసిన అందరికీ హృదయపూర్వక నమస్కారాలు. ఏం చేశానో, ఏది నిలిచిందో చెప్పడం నా బాధ్యత అనిపించి రాస్తున్నాను.

ముందుగా ఒక అలారం గడియారం కొన్నాను. దాని టిక్కుటిక్కు శబ్దానికి మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఇప్పుడు దాన్ని పక్క గదిలో పెట్టి తలుపు తెరిచి ఉంచుతున్నాను, ఆపడానికి లేచి వెళ్లక తప్పదు కనుక అదీ మేలే అయింది. రాత్రి దానికి కీ ఇచ్చే పని మా అబ్బాయి తనంతట తానే తీసుకున్నాడు. రైతు అన్నగారు చెప్పినట్టు కీప్యాడ్ ఫోను తీసుకున్నాను. ఆ నంబరు అమ్మకూ, పక్కింటి వాళ్లకూ, మా ప్రధానోపాధ్యాయుల వారికీ మాత్రమే ఇచ్చాను. ఏడు గంటల లోపు గ్రూపు చూడలేనని, తొందర పని ఉంటే ఫోను చేయమని వారితో వినయంగా చెప్పాను. ఈ ఐదు వారాలలో ఆయన చేసింది రెండే రెండుసార్లు. ప్రతి ఉదయం ఆ గ్రూపు చూడకపోతే ఏదో ముంచుకొస్తుందని ఇన్నేళ్లు అనుకున్నాను.

పెద్దమ్మ గారూ, మీరు చెప్పిన ఏర్పాటే అన్నిటికన్నా బాగా నిలిచింది. అమ్మ ఆరుంపావుకు ఫోను చేస్తోంది. రెండు నిమిషాలనుకున్నది పది నిమిషాలు అవుతోంది. మూడో వారంలో ఆమె గొంతు బరువుగా ఉందనిపించి అడిగితే, మాత్రలు అయిపోయి రెండు రోజులైందని, నాకు శ్రమ ఎందుకని చెప్పలేదని బయటపెట్టింది. ఆ సాయంత్రమే ఉదయగిరి బస్సెక్కి వెళ్లి ఇచ్చి వచ్చాను.

తప్పిన రోజులూ ఉన్నాయి. అన్నయ్య కూతురి పుట్టినరోజున, ఎన్నికల విధుల ఉత్తర్వు వస్తుందన్న రోజున, మరో మూడు రోజులు ఏ కారణమూ లేకుండానే లేవగానే పెద్ద ఫోను తీశాను. ఒంగోలు అధ్యాపకుల మాట గుర్తుంచుకొని మరునాడు మళ్లీ మామూలుగా కొనసాగించాను. మరొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఉదయం తగ్గినది రాత్రికి చేరుతోంది, పదిన్నర దాకా చూస్తున్నాను. పొదిలి అమ్మాయి చెప్పినట్టు పాఠశాల గ్రూపును రాత్రే చూడబోయి, అందులో నుండి మిగిలిన వాటిలోకి వెళ్లిపోతున్నాను. అందువల్ల నిన్నటి నుండి ఆ గ్రూపును భోజనానికి ముందే, వంటింట్లో నిలబడి చూసి, ఫోనును హాలులోని చెక్క బీరువాలో పెట్టేస్తున్నాను. ఒక్క రాత్రే గడిచింది కనుక దాని గురించి ఇంకా ఏమీ చెప్పలేను. మరో నెల చూసి రాస్తాను.